దీవి ఎవరిది? దగ్గరున్నవాళ్లదా, ముందొచ్చినవాళ్లదా, అందులో బతికేవాళ్లదా?

ఉప్పుగాలి (ఎంవీపీ కాలనీ)

మొన్న మా ఆఫీసులో 1974 ఒప్పందంతో శ్రీలంక వైపు వెళ్లిన కచ్చతీవు అనే చిన్న దీవి మీద పెద్ద వాదన అయింది. ఒకాయన "రామేశ్వరానికి అంత దగ్గరగా ఉంది, మనది కాకుండా ఎలా పోతుంది" అన్నారు. ఇంకొకాయన అది రామనాథపురం జమీందారీలో ఉండేది కాబట్టి చరిత్ర ప్రకారం మనదే అన్నారు. మూడో ఆవిడ "285 ఎకరాలు, తాగడానికి నీళ్లు లేవు, మనుషులు లేరు, ఎవరిదైతే ఏంటి" అన్నారు. ముగ్గురూ మూడు వేరే కొలతలు పట్టుకుని మాట్లాడుతున్నారని నాకు అప్పుడే అనిపించింది.

దగ్గర అనే కొలతే ఖాయం చేసుకుంటే అండమాన్ సంగతేంటి? మన విశాఖ పోర్టులో ఓడ ఎక్కితే పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) చేరడానికి రెండు మూడు రోజులు, సుమారు 1,200 కిలోమీటర్లు. మయన్మార్‌వాళ్ల కోకో దీవులేమో అండమాన్‌కి ఉత్తరాన పక్కనే ఉన్నాయి. కిందికి వెళ్తే గ్రేట్ నికోబార్ చివర నుంచి ఇండోనేషియా దీవులు 200 కిలోమీటర్ల లోపే. ఈ లెక్కన అండమాన్ మనది కాకుండా పోవాలి కదా. ఇలాంటి తగాదాల్లో అసలు దేన్ని బట్టి తేలుస్తారు, దేన్ని బట్టి తేల్చాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక_శీను

అండమాన్ వేరు, అక్కడ వేరే దేశం ఎవరూ అడగట్లేదు. గొడవ ఉన్నచోట మాత్రం దగ్గరున్నవాడి మాటే న్యాయం. ఫాక్‌లాండ్ దీవులు చూడండి. అర్జెంటీనా తీరానికి 500 కిలోమీటర్ల లోపు, బ్రిటన్‌కి 12,000 పైన. ఆ ఖండం అంచు సముద్రం కింద సాగిపోయి ఆ దీవుల దాకా వెళ్తుంది. అయినా దాన్ని ఏలుతున్న బ్రిటన్‌వాళ్లు 1982లో ఓడలేసుకుని అంత దూరం వచ్చి యుద్ధం చేసి నిలబెట్టుకున్నారు. అర్జెంటీనావాళ్లు 649 మంది, బ్రిటిష్‌వాళ్లు 255 మంది, దీవిలో ఉండేవాళ్లు ముగ్గురు పోయారు. వలస పాలన పోయింది అంటారు గానీ ఇది వలస పాలన కాక ఇంకేంటి? మన దేశాన్ని ఏలినవాళ్లే కదా వీళ్లు. మనవాళ్లు వాళ్ల పక్షం వహించి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

రిటైర్డ్ లెక్చరర్ (పెదవాల్తేరు)

శీను గారూ, మీ కోపం అర్థమైంది. అయితే దగ్గరగా ఉన్నంత మాత్రాన హక్కు రాదని దాదాపు వందేళ్ల కిందటే ఒక కేసులో తేల్చారు. 1928లో పాల్మాస్ దీవి కేసు. ఫిలిప్పీన్స్‌లోని మిండనావోకీ అప్పటి డచ్ ఈస్టిండీస్‌కీ మధ్యలో ఉన్న చిన్న దీవి అది. స్పెయిన్‌వాళ్లు ముందు కనిపెట్టారు, 1898 పారిస్ ఒప్పందంలో ఫిలిప్పీన్స్‌తో పాటు మాకు వచ్చింది, పైగా ఫిలిప్పీన్స్‌కి దగ్గర అని అమెరికా వాదించింది. మధ్యవర్తిగా కూర్చున్న స్విట్జర్లాండ్ న్యాయకోవిదుడు మాక్స్ హ్యూబర్ ఇవేవీ చాలవన్నాడు. ముందుగా చూసినవాడికి సగం హక్కే వస్తుంది, అక్కడ అధికారం నడిపితేనే అది పూర్తవుతుంది, ఆ నడపడం కూడా ఎడతెగకుండా, తగాదా లేకుండా సాగి ఉండాలి. డచ్‌వాళ్లు అక్కడి స్థానిక పాలకులతో ఒప్పందాలు చేసుకుని పాలన నడిపారు, దీవి వాళ్లదే అని తీర్పు వచ్చింది. ఇప్పుడది ఇండోనేషియాలో మియాంగాస్.

ఇంకొకటి 1953లో అంతర్జాతీయ న్యాయస్థానానికి వచ్చింది. మింకియే, ఎక్రెహో అని ఇంగ్లిష్ చానల్‌లో జెర్సీ దీవికీ ఫ్రాన్స్‌కీ మధ్య రాతి దిబ్బలు. రెండు దేశాలూ మధ్యయుగాల నాటి దానపత్రాలు, డ్యూకుల కాలం ఒప్పందాలు మోసుకొచ్చాయి. న్యాయమూర్తులు వాటి మీద పెద్దగా ఆధారపడలేదు. అక్కడ శవం దొరికితే పంచనామా ఎవరు చేశారు, అక్కడున్న చిన్న ఇళ్లకి పన్ను ఎవరు వసూలు చేశారు, పడవలు ఎవరి దగ్గర నమోదయ్యాయి, ఇవే చూశారు. అన్నీ జెర్సీవాళ్లే చేశారు కాబట్టి బ్రిటన్‌కి వెళ్లాయి. రాజుల కథల కన్నా గుమాస్తాల రికార్డులకి విలువ ఇవ్వడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది.

భూగోళానికి అసలు బలం సముద్రంలో వస్తుంది. భూమి ఎవరిదో తేలాక దాని చుట్టూ 200 నాటికల్ మైళ్ల వరకు చేపలు, చమురు మీద హక్కు వస్తుంది. మనుషులు బతకలేని ఉత్త రాయి అయితే ఆ 200 మైళ్లు రావని 1982 సముద్ర చట్టం ఒప్పందంలో ఉంది. రాళ్ల కోసం ఇంత కొట్టుకోవడానికి కారణం చాలావరకు ఆ మైళ్లే.

జాలారిపేట_పార్వతి

మాష్టారూ, ఆ మైళ్ల మధ్యలో ఇరుక్కునేది ఎవరో కూడా రాయండి. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్లు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికెళ్లి పాకిస్తాన్‌వాళ్లకి దొరికిపోయారు. కరాచీ జైల్లో ఏడాది పైన ఉన్నారు. 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మందిని వదిలారు. మా పేటలో ఆ రోజుల్లో ఏ ఇంటికెళ్లినా ఇదే మాట, ఇదే టెన్షన్.

సముద్రం మీద గీత కనపడదు. అక్కడైతే ఆ గీత కాగితం మీద కూడా లేదు. సర్ క్రీక్ అని కచ్‌కీ సింధ్‌కీ మధ్య 96 కిలోమీటర్ల పాయ ఉంది, 1914లో బొంబాయి ప్రభుత్వం ఒక తీర్మానం చేసింది, దాంట్లోదే ఒక మాట పట్టుకుని పాకిస్తాన్ తూర్పు గట్టు అంటుంది, ఇంకో మాట పట్టుకుని మన ప్రభుత్వం పాయ మధ్య అంటుంది. పాయ నోరు ఎక్కడో తేలితే కదా సముద్రంలో గీత గీసేది. వందేళ్ల నాటి కాగితం మీద ఇద్దరూ పట్టుబట్టి కూర్చుంటే ఆ ఫలితం వలేసినవాడు మోస్తున్నాడు.

కచ్చతీవు కూడా అంతే. మనుషులు లేరు అన్నారావిడ. కాపురాలు లేవు, నిజమే. కానీ వలలు ఆరబెట్టుకునేవాళ్లు ఉన్నారు, ఏటా అంతోనియార్ చర్చి పండక్కి వచ్చేవాళ్లు ఉన్నారు. 1974 ఒప్పందంలో మన మత్స్యకారులు, యాత్రికులు మునుపటిలాగే ఆ దీవికి వెళ్లి రావచ్చని ఉంది. 1976 లేఖలతో ఒకరి నీళ్లలో ఒకరు వేట ఆపేయాలన్నారు. రెండుసార్లూ వలేసేవాళ్లని ఎవరైనా పిలిచి అడిగారా? ఇల్లు ఉంటేనే నివాసమా? తాత, తండ్రి, కొడుకు వరసగా వెళ్లిన చోటు మీద మాకేం మాట లేదా?

మధురవాడ_కోడర్

పార్వతి గారి ప్రశ్న గట్టిది. నా వరకు జవాబు సింపుల్, అక్కడ ఎవరి బతుకు ఉందో వాళ్లనే అడగాలి. ఫాక్‌లాండ్‌లో 2013 మార్చిలో ఓటింగ్ పెట్టారు. బ్రిటన్‌తో ఇప్పుడున్నట్టే ఉంటాం అన్నవాళ్లు 1,513, వద్దన్నవాళ్లు ముగ్గురు. జిబ్రాల్టర్‌లో 2002లో బ్రిటన్, స్పెయిన్ కలిసి ఏలుకుంటాయి అంటే దాదాపు 99 శాతం వద్దన్నారు. వాళ్ల ఊరు, వాళ్ల జీవితం. పటంలో దగ్గరగా కనపడుతోందని వాళ్లని వేరే జెండా కిందకి ఎలా తోస్తారు?

స్పెయిన్ తీరు కూడా గమనించండి. జిబ్రాల్టర్ మా ద్వీపకల్పంలో ముక్క, మాకివ్వండి అంటుంది. అదే స్పెయిన్ మొరాకో నేల మీద సియూటా, మెలీయా పెట్టుకుని కూర్చుంది. అక్కడికి వచ్చేసరికి భూగోళం పక్కన పెట్టి, ఎన్నో వందల ఏళ్ల నుంచి మావే అంటూ చరిత్ర తీస్తుంది. తమకి ఏ కొలత కలిసొస్తే ఆ కొలత.

గాజువాక_శీను

1,513 మంది ఓటేశారు సరే, వాళ్లు అక్కడికి ఎలా వచ్చారు? 1833లో బ్రిటిష్ ఓడ వచ్చి బ్యూనస్ ఎయిరిస్ పెట్టిన పాలనని తోసేసింది. తర్వాత తమవాళ్లని తెచ్చి పెట్టుకుంది. పక్కింటి స్థలంలోకి దిగి, అక్కడ పిల్లల్ని పెంచి, ఆ పిల్లలతో ఓటేయించి "చూశారా, అందరూ మాకే వేశారు" అన్నట్టుంది ఇది. ఐక్యరాజ్య సమితి కూడా 1965లో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి అని తీర్మానం చేసింది, దీవిలోవాళ్లని ఓటు అడగండి అనలేదు.

మధురవాడ_కోడర్

శీను అన్నా, అదే తీర్మానంలో దీవుల జనం ప్రయోజనాలు చూడాలని కూడా ఉంది. చరిత్ర తీస్తే అది 1833లో మొదలవదు. 1764లో ఫ్రెంచివాళ్లు దిగారు, 1765లో ఇంకో పక్క బ్రిటిష్‌వాళ్లు దిగారు, ఫ్రెంచివాళ్లు తమ వాటా స్పెయిన్‌కి ఇచ్చేశారు, 1774లో బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయారు, 1811లో స్పెయిన్‌వాళ్లూ వెళ్లిపోయారు, 1820లో బ్యూనస్ ఎయిరిస్ తరపున ఓడ వచ్చి జెండా ఎగరేసింది. మీరు ఏ సంవత్సరం దగ్గర వేలు పెడితే దీవి ఆ దేశానిది అవుతుంది. ఇప్పుడున్నవాళ్లలో తొమ్మిదో తరం వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఎక్కడికి పోవాలి?

పోర్ట్‌బ్లెయిర్_బంధువు

మా తాత శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడ్డాడు, నేను చదువుకి వైజాగ్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మొదటి ప్రశ్న మా దీవుల గురించే కాబట్టి రాస్తున్నాను.

1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ మొదటి స్థావరం పెట్టాడు, అది నిలబడలేదు. 1857 తిరుగుబాటు తర్వాత 1858లో ఖైదీల కోసం మళ్లీ మొదలుపెట్టారు. నికోబార్ డెన్మార్క్‌వాళ్ల చేతిలో ఉండేది, 1868లో బ్రిటిష్‌వాళ్లకి అమ్మేశారు. 1947లో అవన్నీ భారత్‌కి వచ్చాయి. మన హక్కు వెనక ఉన్నది భూగోళం కాదు, పాలన ఒకరి చేతి నుంచి ఒకరికి మారుతూ రావడం.

మరి అక్కడి మనుషులు? గ్రేట్ అండమానీలు, ఓంగేలు, జారవాలు, సెంటినలీలు వేల ఏళ్లుగా ఉన్నవాళ్లు. డెన్మార్క్ అమ్మినప్పుడు నికోబారీలని ఎవరూ అడగలేదు. మేము తెలుగువాళ్లం, బెంగాలీలు, తమిళులు, రాంచీ నుంచి వచ్చినవాళ్లు, అందరం తర్వాత వచ్చినవాళ్లమే. ఈరోజు ఓటు పెడితే మాదే మెజారిటీ, ఆ దీవుల అసలు మనుషులది లెక్కలోకే రాదు. ఉత్తర సెంటినెల్ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్ల లోపు ఎవరూ వెళ్లకూడదని నిషేధం పెట్టారు, వాళ్లని వదిలేయడమే వాళ్ల మాట వినడం అని నేను నమ్ముతాను.

"ఉన్నవాళ్లని అడుగు" అనేముందు హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల సంగతి కూడా చూడండి. మారిషస్‌కి స్వాతంత్ర్యం ఇచ్చేముందు 1965లో బ్రిటన్ ఆ దీవులని విడదీసి తన దగ్గర పెట్టుకుంది. వాటిలోని డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1968 నుంచి 1973 మధ్య అక్కడి జనం అందరినీ ఖాళీ చేయించి మారిషస్‌లో, సీషెల్స్‌లో దించేశారు. తర్వాత అక్కడ పర్మనెంట్ నివాసులే లేరని చెప్పుకున్నారు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విడదీయడం చట్టబద్ధం కాదంది. 2025 మేలో బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి, స్థావరం మాత్రం 99 ఏళ్ల లీజు. ఈ బేరంలో మమ్మల్ని సరిగా అడగలేదని చాగోస్ మనుషుల్లో చాలామంది గొడవ చేశారు. జనాన్ని తీసేసినవాడూ వాళ్ల పేరు చెప్పాడు, తిరిగి తీసుకుంటున్నవాడూ వాళ్ల పేరే చెప్పాడు.

రిటైర్డ్ లెక్చరర్ (పెదవాల్తేరు)

బాబూ, చాలా మంచి విషయం రాశారు. కోడర్ గారి వాదనకి ఇంకో చిక్కు ఓలాండ్ దీవులు. స్వీడన్‌కీ ఫిన్‌లాండ్‌కీ మధ్యలో ఉన్నాయి, జనం స్వీడిష్ మాట్లాడతారు, స్వీడన్‌లో కలుస్తామని పెద్ద ఎత్తున సంతకాలు పెట్టారు. 1921లో నానాజాతి సమితి ఆ దీవుల్ని ఫిన్‌లాండ్‌కే ఉంచింది. అయితే వాళ్ల భాషకి, భూమికి, స్థానిక పాలనకి గట్టి రక్షణలు రాయించింది, సైన్యం ఉండకూడదంది. వందేళ్లు దాటినా ఆ ఏర్పాటు నిలబడింది. అడిగింది దక్కకపోయినా బతుకు దక్కింది.

భూగోళం ఒక వైపు, కాగితం ఒక వైపు ఉన్న కేసు ప్రీహ్ విహియర్ గుడి. కొండ అంచు మీద ఉంటుంది, థాయిలాండ్ వైపు నుంచి నడిచి ఎక్కడం తేలిక, కంబోడియా వైపు నిట్టనిలువు లోయ. సరిహద్దు నీళ్లు విడిపోయే గట్టు వెంట పోవాలని ఒప్పందం. కానీ అప్పుడు కంబోడియాని ఏలుతున్న ఫ్రెంచి అధికారులు 1907లో వేసిన పటంలో గుడి కంబోడియా వైపు పడింది. సియాం (అప్పటి థాయిలాండ్) ఆ పటం తీసుకుని ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పలేదు. 1930లో సియాం రాకుమారుడు గుడికి వెళ్తే ఫ్రెంచి అధికారి తమ జెండా పెట్టి స్వాగతం పలికాడు, అప్పుడూ ఏమీ అనలేదు. ఆ మౌనం చూసి 1962లో న్యాయస్థానం 9–3తో గుడి కంబోడియాదే అంది. తీర్పు వచ్చినంత మాత్రాన గొడవ పోలేదు. 2025లో కూడా ఆ సరిహద్దులో ఫిరంగులు పేలాయి, పల్లెలు ఖాళీ అయ్యాయి.

యానాం_కోడలు (సీతమ్మధార)

అంత దూరం ఎందుకండీ, మా అత్తగారి ఊరు యానాం ఉంది. చుట్టూ గోదావరి జిల్లాలు, ఇంట్లో వంట, భాష, పెళ్లి సంబంధాలు అన్నీ ఇటువైపే. పాలన మాత్రం వందల కిలోమీటర్ల అవతలున్న పుదుచ్చేరిది, ఎందుకంటే ఫ్రెంచివాళ్లు అలా ఏలారు. 1954లో ఫ్రెంచి పాలన పోయింది, 1962లో చట్టపరంగా భారత్‌లో కలిసింది. ఆంధ్రలో కలిపేద్దాం అంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అది ఫ్రెంచి మీద ప్రేమేం కాదు, చిన్న ఊరు కాబట్టి పనులు తొందరగా అవుతాయని. ఇష్టం అనేది జెండాతో రాదు, ఆఫీసులో పని ఎలా జరుగుతుందో దాన్ని బట్టి వస్తుంది.

సాలూరు_అబ్బాయి

యానాం అక్క చెప్పింది మా వైపు ఇంకా నిజం. దేశాల మధ్య గొడవ కాదుగానీ ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో ఉన్న కొటియా ఊళ్ల గురించి రాయకుండా ఉండలేకపోతున్నా. వైజాగ్ నుంచి పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు, ఇక్కడ చాలామందికి తెలియదు.

1936లో ఒరిస్సా వేరు పడినప్పుడు ఆ కొండ మీద గీత సరిగా పడలేదు. 21 ఊళ్లు మావే అని ఆంధ్ర, మావే అని ఒడిశా. 1968లో సుప్రీంకోర్టుకి వెళ్లింది, ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు. 2006లో కూడా తేలలేదు, ఇది పార్లమెంటు తేల్చాల్సిన పని అన్నారు. 2021లో మనవాళ్లు మూడు పంచాయతీల్లో ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం కేసు వేసింది.

అక్కడి కొండ జనం దగ్గర రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉంటాయి. ఇంట్లో వాళ్ల భాష, సంతకి సాలూరు వస్తే తెలుగు, పొట్టంగి వైపు వెళ్తే ఒడియా. ఎన్నికలొస్తే రెండు వైపుల అధికారులూ పరిగెత్తుకొస్తారు. బయటివాళ్లు "రెండు కార్డులు పెట్టుకుని లాభపడుతున్నారు" అంటారు, ఆ మాట వింటే బాధేస్తుంది. ఎనభై ఏళ్ల పైన రెండు ప్రభుత్వాలు ఎవరికి వాళ్లు మాది మాది అన్నారు తప్ప, పురిటి నొప్పులొస్తే డోలీలో మోసుకెళ్లే బాధ ఆ కొండల్లో ఇప్పటికీ పూర్తిగా పోలేదు. రెండు కార్డులూ కలిస్తేనే వాళ్లకి ఒక ప్రభుత్వం అవుతుంది.

నిర్వాహకుడు

కాశ్మీర్ మీద రెండు పోస్టులు తీసేశాను, దానికి వేరే చర్చ నడుస్తోంది. ఇక్కడ మర్యాదగా సాగుతోంది, అలాగే ఉంచండి.

ఉప్పుగాలి (ఎంవీపీ కాలనీ)

ఇన్ని చదివాక నాకు ఒక సందేహం. జనాన్ని అడిగి, వాళ్లు చెప్పింది చేసి, గొడవ లేకుండా ముగిసిన చోటు ఒక్కటైనా ఉందా?

రిటైర్డ్ లెక్చరర్ (పెదవాల్తేరు)

ఉంది, మన దేశంలోనే. కూచ్‌బిహార్ దగ్గర బంగ్లాదేశ్ లోపల మన ముక్కలు 111, మన లోపల వాళ్ల ముక్కలు 51 ఉండేవి. 1974లో ఇందిర, ముజీబ్ ఒప్పందం చేసుకున్నారు. కానీ 1960లో బేరుబారి అనే సరిహద్దు ప్రాంతం విషయంలో సుప్రీంకోర్టు దేశపు భూమి ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ కావాలని చెప్పి ఉంది, అది జరగడానికి 2015 వచ్చింది, నూరో సవరణ. అప్పుడు ఒక్కో కుటుంబాన్ని అడిగారు: ఉన్నచోటే ఉండి ఆ దేశం పౌరసత్వం తీసుకుంటారా, పాత దేశానికి వెళ్తారా? దాదాపు అందరూ ఇల్లు కదలకుండా ఉండటమే ఎంచుకున్నారు. బంగ్లాదేశ్ వైపు నుంచి మన వైపు వచ్చినవాళ్లు వెయ్యి మంది లోపే. పటం మీద మనకి విస్తీర్ణం తగ్గింది, అయినా అది ఓటమి అని నేను అనుకోను. బడికి, ఆసుపత్రికి వెళ్లాలంటే వేరే పేరు చెప్పుకోవాల్సి వచ్చిన మనుషులకి ఒక దేశం దొరికింది.

కచ్చతీవుకి సవరణ ఎందుకు చేయలేదన్న వాదన కూడా ఇక్కడి నుంచే వచ్చింది. అది మన భూమి ఇవ్వడం కాదు, తేలని సరిహద్దుని తేల్చుకోవడం అని కేంద్రం మాట.

గాజువాక_శీను

మాష్టారూ, కూచ్‌బిహార్ కథ బాగుంది, ఒప్పుకోవాల్సిన విషయమే. ఫాక్‌లాండ్ మీద మాత్రం నేను ఇంకా అదే మాట మీద ఉన్నా. బలవంతంగా దిగినవాడికి కాలం గడిచేకొద్దీ హక్కు పెరుగుతుందంటే, రేపు ఇంకొకడు దిగడానికి అదే ధైర్యం ఇస్తుంది. సాలూరు తమ్ముడూ, మరి కొటియాలో అలాగే ఇంటింటికీ అడిగితే ఎటు అంటారు?

జాలారిపేట_పార్వతి

నాకూ అదే తెలుసుకోవాలనుంది. ఇంకోటి, అడిగేది ఎవరు? ఆ రెండు ప్రభుత్వాల్లో ఒకరు అడిగితే జవాబు భయంతో వస్తుంది.

సాలూరు_అబ్బాయి

శీనన్నా, ఊరూరికీ వేరుగా ఉంటుంది, వాళ్ల తరపున నేను చెప్పకూడదు. రోడ్డు ఎటు నుంచి వచ్చిందో ఆ వైపు మొగ్గు కొంత ఉంటుంది. పార్వతక్క అన్నది అసలు సమస్య. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు రాష్ట్ర సరిహద్దులు మార్చొచ్చు, ముందు ఆ రాష్ట్రాల శాసనసభల అభిప్రాయం అడుగుతారు. గ్రామసభని అడగాలని అందులో ఎక్కడా లేదు. అదే ఏజెన్సీలో భూమి తీసుకోవాలంటే 1996 పెసా (ఏజెన్సీ ప్రాంతాల పంచాయతీల) చట్టం ప్రకారం గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. ఎకరం తీసుకోవడానికి అడుగుతారు, ఊరికి ఊరిని ఇటు వేయాలా అటు వేయాలా అన్నప్పుడు అడగరు. 21 గ్రామసభలు రెండు రాష్ట్రాల అధికారులు లేకుండా పెట్టాలి, తీర్మానాలు నేరుగా పార్లమెంటుకి వెళ్లాలి, అది తేలేవరకు ఏ కార్డూ రద్దు చేయకూడదు. మా పార్లమెంటు సభ్యుడికి ఇవ్వడానికి వినతిపత్రం రాస్తున్నా. మాష్టారూ, అధికరణాల నంబర్లు, కేసు సంవత్సరాలు మీరు ఒకసారి చూసి పెట్టండి. సంత రోజు సాలూరు వెళ్లి కొండ దిగి వచ్చే పెద్దలకి చదివి వినిపిస్తా. వాళ్లు మార్చమన్నది మార్చాకే పంపుతా.